నెత్తురు పుస్తకానికి సంజాయిషీ ఇవ్వను

కిందటి నెల ఒక ఆదివారం, పుస్తకాల పిచ్చి ఉన్న నలుగురం టీ తాగుతుంటే ఎవరో అడిగారు, "ఏం చదువుతున్నావ్?" అని. నా బ్యాగులో ఉన్నది స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ రాసిన ‘డోంట్ ఫియర్ ది రీపర్’. మంచు తుఫానులో చిక్కుకున్న ఊరు, జైలు మారుస్తుంటే తప్పించుకున్న హంతకుడు, 36 గంటలు, 20 శవాలు. పైగా సీక్వెల్. నేనేమన్నానంటే, "అమెరికా మూలవాసుల చారిత్రక గాయం మీద ఒక నవల." అందరూ గౌరవంగా తలలూపారు.

అన్నది నిజమే. కానీ నేను రాత్రి రెండింటిదాకా మేలుకున్నది ఆ గాయం కోసం కాదు. తర్వాత ఎవరు పోతారో, ఎలా పోతారో తెలియకుండా లైటు ఆర్పబుద్ధి కాక. ఆ రోజు టీతో పాటు మింగేసిన మాట ఇప్పుడు చెప్తున్నా: నాకా పుస్తకం భలే నచ్చింది.

మొదటి భాగం ‘మై హార్ట్ ఈజ్ ఎ చైన్సా’ 2021లో వచ్చింది, బ్రామ్ స్టోకర్ అవార్డు గెలిచింది. ఐడహోలో ప్రూఫ్‌రాక్ అనే ఊరు. పదిహేడేళ్ల జేడ్ డేనియల్స్‌కి స్లాషర్ సినిమాలే లోకం. చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారికి కూడా వాటి మీదే వ్యాసాలు రాసిస్తుంది. 2023లో వచ్చిన ఈ రెండో భాగంలో నాలుగేళ్ల తర్వాత ఆమె జైలు నుంచి ఊరికి తిరిగొస్తుంది. ఇప్పుడు పేరు జెన్నిఫర్. స్లాషర్ల ఊసెత్తితే ముఖం తిప్పుకుంటుంది. ఆమె స్నేహితురాలు లీథా మాత్రం ఆ సినిమాలన్నీ చూసి పండితురాలైపోయింది. ఒకరి పిచ్చి ఇంకొకరికి కవచమైంది. ఈ తారుమారు మొదటి భాగంలో ఎలా కుదురుతుంది?

సీక్వెల్ అనగానే పెదవి విరిచేవాళ్లకి నా మొదటి జవాబు ఇదే. స్లాషర్‌లో చివరికి ఒక అమ్మాయి మిగులుతుంది. ‘ఫైనల్ గర్ల్’ అని 1987లో కేరల్ క్లోవర్ పేరు పెట్టింది ఈ అమ్మాయికే. మిగిలిన అమ్మాయి మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేస్తుంది? మొదటి భాగం ఆ ప్రశ్న అడగలేదు, దాని కథ అక్కడికి అయిపోతుంది. సినిమావాళ్లకి ఆ తీరిక లేదు. 1981 నాటి ‘ఫ్రైడే ది థర్టీన్త్’ రెండో భాగం, మొదటి దాంట్లో బతికిన ఆలిస్‌ని మొదట్లోనే చంపేసి చేతులు దులుపుకుంది. జోన్స్ ఆ అమ్మాయిని బతకనిచ్చి, బతకడం ఎంత బరువో చూపించాడు.

రెండో గొడవ ఇంట్లోది. ‘తులసిదళం’, దాని సీక్వెల్ ‘తులసి’ రాసిన యండమూరికి మనవాళ్లు ‘క్షుద్ర సాహిత్యం’ అని ముద్ర కొట్టారు. రంగనాయకమ్మ ‘తులసిదళా’న్ని చీల్చి చెండాడారు. ఆమె వాదనతో ఎవరికెంత పేచీ ఉన్నా, ఒకటి ఒప్పుకోవాలి: ఆమె చదివి తిట్టారు. ఇవాళ మన సాహిత్య మిత్రులు అట్ట చూసి తిడతారు. ఆ ముద్ర మాత్రం వారసత్వంగా తెచ్చుకున్నారు, ఆ చదివే ఓపికని అక్కడే వదిలేశారు.

ఇక మూడోది, నేను చేసిన తప్పు. 1862లో మాంకేటోలో అమెరికా ప్రభుత్వం 38 మంది డకోటా మగవాళ్లని ఒకే రోజు ఉరితీసింది. ఈ నవలలో హంతకుడు డార్క్ మిల్ సౌత్ వాళ్ల పేరు చెప్పే చంపుతాడు. ఇది బలమైన విషయం, కాదనను. కానీ ఆ 38 అంకెని అడ్డం పెట్టుకుని ‘ఇది మామూలు హారర్ కాదండీ’ అనడం హారర్‌కి అవమానం, ఆ పోయినవాళ్లకి ఇంకా పెద్ద అవమానం. వాళ్ల చావుని నా అభిరుచికి పూచీకత్తుగా వాడుకున్నాను.

"చావులు చదివి ఆనందించడమేంటి?" అంటారు. అర్ధరాత్రి ఆఫీసు ఫోన్ మోగితే సర్వర్ పడిపోయిందని లేచే ఉద్యోగం నాది, ఆ భయానికి రూల్స్ లేవు, ఈ భయానికి ఉన్నాయి అని ఒక పేరా రాశాను. కొట్టేశాను. అదీ సంజాయిషీయే.

లోపాలు లేవా? ఉన్నాయి. మనుషులు మరీ ఎక్కువ. ఒకడు చచ్చిపోయాక, వీడెవడబ్బా అని వెనక్కి పేజీలు తిప్పాల్సొచ్చింది. స్లాషర్‌లో అది చిన్న తప్పు కాదు, పోయినవాడు మనకి తెలిసుండాలి. మొదటి భాగం చదవనివాళ్లు మొదటి ముప్పై పేజీల్లోనే దారి తప్పుతారు. చూశారా, ఇష్టపడ్డంత మాత్రాన కళ్లు మూసుకుపోవు.

మొన్న ఆదివారం పుస్తకం తీసి టీ కప్పుల మధ్య పెట్టాను.

"ఎలా ఉంది?"

"ఇరవై మంది పోతారు. భలే ఉంది."

ఒకాయన నవ్వాడు. ఇంకొకామె, పోయిన నెల అందరికంటే గౌరవంగా తలూపినావిడ, వెళ్లేటప్పుడు పక్కకి పిలిచి మెల్లగా అడిగింది, "మొదటి భాగం కూడా నీ దగ్గరుందా?"