ఒక్కసారైనా కొలవాలి

"మనకెందుకీ కరెంటు గొడవ, మనం సీఎస్‌ఈ కదా" అనే మాట క్యాంటీన్‌లో రోజూ వింటున్నాను. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకో చెప్పడానికి ఒక చిన్న సర్క్యూట్ చాలు.

సబ్బవరం హైవే పక్కన సెల్ టవర్లు చూస్తుంటాం కదా. టెలికాం పరికరాలకి బ్యాటరీ సప్లై 48 వోల్టులు. లోపలి చిప్పులకి కావాల్సింది 3.3, ఇంకా తక్కువ కూడా. దించేది బక్ కన్వర్టర్. ఒకే దెబ్బలో 48 నుంచి 3.3కి దించాలంటే, స్విచ్ సుమారు 7 శాతం సమయమే ఆన్‌లో ఉండాలి. 500 కిలోహెర్ట్జ్ దగ్గర అది 140 నానోసెకన్లు!

పీక్ కరెంట్ మోడ్ కంట్రోల్‌లో అయితే ఆ కాస్త సమయంలోనే కరెంటు ఎంత పెరిగిందో కొలిచి స్విచ్ ఆపాలి. చిక్కేమిటంటే, స్విచ్ ఆన్ అవ్వగానే డయోడ్ రివర్స్ రికవరీ వల్ల పెద్ద స్పైక్ వస్తుంది. అది తగ్గేదాకా ఆగితే ఉన్న టైమంతా దానికే పోతుంది.

ఒకప్పటి నేషనల్ సెమీకండక్టర్ వాళ్లు తెచ్చిన ఎల్‌ఎమ్5576 లాంటి చిప్పుల్లో ఉన్న ఎమ్యులేటెడ్ కరెంట్ మోడ్ ఆ గోలలో అసలు కొలవదు. స్విచ్ ఆన్ అయ్యే ముందు, అంతా నెమ్మదిగా ఉన్నప్పుడు, డయోడ్ కరెంటుని ఒక్కసారి కొలిచి పట్టి ఉంచుతుంది. పెరిగే భాగాన్ని తనే తయారు చేసుకుంటుంది: ఇన్‌పుట్, ఔట్‌పుట్ వోల్టేజీల తేడాకి తగ్గ కరెంటుతో ఒక కెపాసిటర్‌ని ఛార్జ్ చేస్తే, దాని వోల్టేజీ ఇండక్టర్ కరెంటులాగే వాలుగా పెరుగుతుంది. రెండూ కలిపితే స్పైక్ లేని సిగ్నల్. చదివినప్పుడు భలే ముచ్చటేసింది. అచ్చం మన కోడ్ బుర్రే!

"అయితే అంతా లెక్కలోనే తేల్చేయొచ్చు, కొలవడం దేనికి" అంటారు కొందరు. ఇక్కడే నేను ఒప్పుకోను. ఇండక్టర్ సాచురేట్ అయితే అసలు కరెంటు ఎగబాకుతుంది. కెపాసిటర్‌కి ఆ సంగతి తెలీదు, పాత వాలులోనే పోతుంటుంది. బండారం బయటపడేది తర్వాతి సైకిల్ ముందు తీసే ఆ ఒక్క శాంపిల్‌లో. కరెంటు మరీ ఎక్కువుంటే చిప్ స్విచ్‌ని ఆన్ చేయకుండా ఆగిపోతుంది.

మరి మన ల్యాబ్ రికార్డులు? సిమ్యులేటర్, స్క్రీన్‌షాట్, సంతకం. సిమ్యులేటర్ మీద నాకేం కోపం లేదు. కానీ అందులో మనం పెట్టే ఐడియల్ ఇండక్టర్ ఎన్ని ఆంపియర్లు పంపినా సాచురేట్ కాదు. సెమిస్టర్ మొత్తానికి మనం తీసే శాంపిళ్లు సున్నా.

నేనడిగేది పెద్దదేం కాదు. ఒక బక్ బోర్డు, ఒక ఆసిలోస్కోప్, ఒక కరెంట్ ప్రోబ్, నలుగురికి కలిపి ఒక గంట. సీఎస్‌ఈ వాళ్లకి కూడా. లోడ్ పెంచుకుంటూ పోయి, ఆ వాలు గీత ఎక్కడ వంగి పైకి లేస్తుందో మన కళ్లతో చూద్దాం.