నొప్పులకు తేదీ

మందులతో నొప్పులు తెప్పించడాన్ని స్త్రీ శరీరంపై వైద్యుల పెత్తనంగానే మనం చూస్తూ వచ్చాం. అరకు కొండల స్త్రీలు కొందరు నాతో వేరే మాట చెప్పారు: ముందే ఆసుపత్రికి చేరి నొప్పులు తెప్పించుకోబట్టే డోలీలో, దారిమధ్యలో కనే గండం తప్పిందని. ఆ ఊరటను కాదనడానికి మనమెవరం?

2018 నాటి అమెరికా అధ్యయనంలో తొలిచూలు స్త్రీలకు 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే సిజేరియన్లు 18.6 శాతం, ఎదురుచూసిన వారిలో 22.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఏ చిక్కూ లేనివారికి 41 వారాలకు ముందు వద్దంటోంది. తొలి నెలల్లో స్కానింగే అందని గూడెంలో వారాలు లెక్కగట్టేదెవరు? లెక్క తప్పితే నెలలు నిండని బిడ్డ పుడుతుంది.

రోడ్డు వేయని ప్రభుత్వం సూదిమందు చూపి తప్పుకోకూడదు. సాలూరులోని గిరిశిఖర గర్భిణుల వసతి గృహం వంటివి ప్రతి ఏజెన్సీ మండలంలో కావాలి. అక్కడ కువి, ఆదివాసీ ఒడియా తెలిసిన మనిషి ఉండాలి. మందు సంగతి వివరించి, ఆమె సరేనన్నాకే సూది వేయాలి.