కప్పే తీగ, కాచే తీగ

హిమాలయ పాదసీమలో, నేపాల్ తరాయి మొదలు బ్రహ్మపుత్ర లోయ వరకు వ్యాపించిన ఉపోష్ణమండల అరణ్యాలకు లతలే అలంకారం. వర్షాలు వెనుకపట్టే నాటికి చెట్టు, పొద, ఏటిగట్టు అనే భేదం లేకుండా అన్నింటినీ పచ్చని తీగలు అల్లుకుంటాయి. చూపరులకు అదంతా ఒకే పచ్చదనం. కాని అందులో అనాదిగా అడవితో కలసిమెలసి బ్రతుకుతున్న తీగలు కొన్ని. సముద్రాలు దాటి వచ్చి ఆ అడవి గొంతునే నులుముతున్న తీగలు కొన్ని. ఈ రెంటినీ వేరుచేసి గుర్తించడం కేవలం వృక్షశాస్త్రజ్ఞుల వ్యాసంగం కాదు. అక్కడి పశువుల మేతకూ, ఖడ్గమృగం ఆకలికీ దానితో సంబంధం ఉన్నది.

పరదేశపు తీగలలో అగ్రగణ్యమైనది మైకేనియా మైక్రాంథా. దీని జన్మస్థానం మధ్య, దక్షిణ అమెరికాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాశ్రయాలు శత్రువుల కంటబడకుండా కప్పడానికి తెచ్చారని ఒక కథనం. తేయాకు తోటలలో నేలను కప్పి ఉంచడానికి తెచ్చారని మరొక కథనం. నేపాల్‌లో ఇది మొదట 1963లో తూర్పు కొసనున్న ఇలామ్‌లో నమోదైంది. అక్కడి నుంచి క్రమంగా పడమటికి ప్రాకింది. నేపాలీలు దీనిని ‘లహరే బన్‌మారా’ అంటారు. అడవిని చంపే తీగ అని భావం.

ఆ పేరు సార్థకమే. అనుకూల పరిస్థితులలో లేత తీగ ఒక్క రోజులో 8 సెంటీమీటర్లకు పైగా పెరగగలదు. అది చెట్టు రసాన్ని పీల్చదు, వెలుతురును అడ్డగిస్తుంది. దుప్పటి కప్పినట్లు పైన పరచుకుంటే క్రిందనున్న మొలకలు, గడ్డి ఎండపొడ లేక నశిస్తాయి. చిత్వన్ జాతీయవనంలో ఈ తీగ రెల్లుగడ్డి మైదానాలను, ఏటి ఒడ్డు అడవులను ఆక్రమించింది. ఖడ్గమృగానికి రెల్లే ముఖ్యాహారం. 2021 గణన ప్రకారం నేపాల్‌లోని 752 ఖడ్గమృగాలలో 694 చిత్వన్ ప్రాంతంలోనే ఉన్నాయి. కనుక అక్కడ గడ్డి తరిగిపోవడం ఆ జాతి మనుగడకే సంబంధించిన సమస్య.

మరి దీనిని పోల్చుకోవడం ఎలా? ముందుగా ఆకుల అమరికను పరిశీలించాలి. మైకేనియాలో ప్రతి కణుపు వద్ద రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు హృదయాకారంలో ఉండి, కొన సూదిగా, అంచు పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. ఆకారం చూసి తిప్పతీగ అని భ్రమపడే అవకాశం లేకపోలేదు. కాని తిప్పతీగ ఆకులు కణుపుకు ఒక్కటి చొప్పున, ఒకటి ఇటు, ఒకటి అటుగా వస్తాయి. అంచు నున్నగా ఉంటుంది. ముదురు కాండం బొడిపెలతో గరుకుగా ఉండి, దాని నుంచి దారాల వంటి వేళ్లు క్రిందికి వ్రేలాడుతుంటాయి. అడవి దుంపతీగలలో కొన్నింటికీ హృదయాకారపు ఆకులే. అయితే వాటి ఈనెలు తొడిమ వద్ద నుంచే విల్లులా వంగి కొనవైపు సాగుతాయి.

ఎదురెదురు ఆకులున్న స్థానిక లతలూ లేకపోలేదు. సంస్కృతంలో ప్రసారిణి అని పేరుపొందిన తీగ అటువంటిది. దాని ఆకును వ్రేళ్లతో నలిపితే చాలు, దుర్గంధం గుప్పుమంటుంది. ఆ వాసనే దాని చిరునామా. అయినా అస్సాం ప్రజలు దానిని ఇష్టంగా వండుకుంటారు. నీలిపూల థన్‌బర్జియా ఆకులూ జంటలుగానే వస్తాయి. కాని అరచేయంత వెడల్పుగా, గరుకుగా ఉంటాయి. గంటల వంటి పెద్ద పూలు పూసినప్పుడు పొరపాటుకు తావే లేదు. మైకేనియా పూలు తెల్లని చిన్న గుత్తులు. ఒక్కొక్క పూమొగ్గలో సరిగా నాలుగు చిరుపూలు ఉంటాయి. గింజకు తెల్లని నూగు ఉండి గాలిలో తేలిపోతుంది.

ఇక పెద్దచెట్లను పెనవేసుకునే అడ్డతీగను ఎవరైనా పోల్చగలరు. ఆకు నడిమికి చీలి, ఒంటె గిట్టను తలపిస్తుంది. తూర్పు కనుమలలో మన గిరిజనులు విస్తళ్లు కుట్టే అడ్డాకు ఇదే. నేపాల్‌లో ‘భోర్లా’ అనే పేరుతో అదే పనికి వాడతారు. ఇది కూడా చెట్టు నెక్కే తీగే. కాని అక్కడి అడవితో పాటే పుట్టి పెరిగినది.

అసలు చిక్కు వేరే ఉన్నది. మైకేనియా కార్డేటా అనే సోదరజాతి ఆసియాకు స్వదేశీయం. చాలాకాలం మన దేశపు వృక్షగ్రంథాలలో పరదేశపు తీగను కూడా ఆ పేరుతోనే వ్యవహరించారు. తేడా తెలియాలంటే లేతకొమ్మ కణుపును చూడాలి. పరదేశపు తీగకు రెండు ఆకుతొడిమల నడుమ చెవుల వంటి పలుచని పొర లేస్తుంది. స్వదేశీ తీగకు అక్కడ ముడతపడిన గట్టు మాత్రమే ఉంటుంది.

గుర్తించిన తరువాత నరికివేస్తే సరిపోతుందా? సరిపోదు. నేలను తాకిన కణుపు కణుపుకూ వేరు పుట్టగలదు. తెగిపడిన ముక్క మరొక మొక్క అవుతుంది. దానిని ఏటిలో పారవేస్తే ప్రవాహమే దిగువకు మోసుకుపోతుంది. పూతకు ముందే వేళ్లతో సహా పెకలించి, ముక్క మిగలకుండా ఏరి ఎండబెట్టాలి. దాని పుట్టినగడ్డ నుంచి ఒక కుంకుమతెగులు శిలీంధ్రాన్ని తెచ్చి 2005లో అస్సాంలో, 2006లో కేరళలో విడుదల చేశారు. అది ఇక్కడ నిలద్రొక్కుకోలేదు. పాపువా న్యూగినీ, ఫిజీలలో మాత్రం పాదుకొన్నది.

ఇందులో మరొక సత్యం ఉన్నది. అస్సాంలో కూరగా వండుకునే ప్రసారిణి అమెరికాలోని ఫ్లోరిడాలో అడవులను ఆక్రమించే కలుపు. మన నీలిపూల థన్‌బర్జియా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పెద్ద బెడద. స్వస్థలంలో తీగను అదుపులో ఉంచే పురుగు, తెగులు, మేసే జంతువు ఉంటాయి. పరాయిచోట అవి ఉండవు. దోషం తీగది కాదు, తావు మారడానిది. అందుకే కొడవలి ఎత్తే ముందు ఆకుల అమరికను, కణుపును, పూవును ఒక్కసారి పరికించి చూడాలి. తొందరపడి స్వదేశీ తీగను తెగవేస్తే, ఖాళీ అయిన ఆ చోటికి మొదట ప్రాకివచ్చేది పరదేశపు తీగే.