పాత ఎలక్ట్రిక్ పియానో కొనదగునా?



అమెరికాలోనున్న పిల్లల ద్వారా పాత ఎలక్ట్రిక్ పియానో తెప్పించుకొనుట మంచిదేనా అని అడుగువారున్నారు. సొమ్ము చేయి దాటకముందే ఈ సంగతి ఆలోచించుట మేలు.

ఈ కోవలో పేరుపొందినవి రోడ్స్, వుర్లిట్జర్. రెండును అమెరికాలో తయారైనవే. ఆ పాత రకముల తయారీ 1980లలో ఆగిపోయినది. కనుక నేడు దొరకునవి సుమారు నలువది ఏండ్లవి, లేదా అంతకు మించినవి.

వీటి ధ్వని ముందుగా రికార్డు చేసి దాచినది కాదు. మెట్టు నొక్కగానే చిన్న సుత్తి ఉక్కును కొట్టును. రోడ్స్‌లో అది సన్నని కడ్డీ. వుర్లిట్జర్‌లో హార్మోనియంలో వలె రీడు. కాని గాలికి బదులు సుత్తి దెబ్బకు మ్రోగును. మెల్లగా నొక్కితే గంటవలె మెత్తగాను, గట్టిగా నొక్కితే కరకుగాను పలుకును. వీటిని నేటికీ కోరుకొనుటకు కారణమిదే.

అయితే కొన్న ధరతో ఖర్చు తీరదు. కడ్డీలు విరుగును, రీడ్లు తెగును, సుత్తుల కొనలు గట్టిపడును. విడిభాగములు నేటికీ క్రొత్తగా తయారగుచున్నవి గాని, వాటిని అమర్చి శ్రుతిచేయగల చేయి మీ దగ్గర ఉన్నదా? 73 మెట్ల రోడ్స్ బరువు సుమారు 60 కిలోలు. అమెరికా వుర్లిట్జర్ 120 వోల్టులది; మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టినచో చెడిపోవును. ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

అందుచేత మా సలహా ఇది. నేర్చుకొను పిల్లలకైతే బరువు మెట్లు గల 88 మెట్ల డిజిటల్ పియానో చాలును. ఇదివరకే చక్కగా వాయించువారు, మరమ్మతు తెలిసినవారు దగ్గరనున్నవారు మాత్రము పాతది కొనవచ్చును. అప్పుడైనను ప్రతి మెట్టును మెల్లగా, గట్టిగా నొక్కి విని, బాగా పలుకుచున్నదే తీసుకొనవలెను. చౌకగా వచ్చిన పాడైనది చివరకు ఎక్కువ ఖరీదగును.

హెరాల్డ్ రోడ్స్ రెండవ ప్రపంచ యుద్ధకాలములో గాయపడిన సైనికులు పడకమీదనే వాయించుకొనుటకు, విమానముల అల్యూమినియం గొట్టములతో చిన్న పియానో చేసెను. ఆయన పని అక్కడ మొదలైనది. లేవలేనివారి చేతులకు పని కల్పించుటకు పుట్టిన వాద్యమును హాలులో అలంకారముగా మూలనుంచుటకు కొనవద్దు. ప్రతిదినము వాయించు చేతులుంటేనే కొనుడి.