లైబ్రరీ అంటే ఏమిటి?

నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ వైపు నడిచేవారికి కోచింగ్ కేంద్రాల నడుమ ‘లైబ్రరీ’ అన్న బోర్డులు కనబడుతూ ఉంటాయి. ఇటీవల అటువంటి ఒక మేడ మెట్ల వద్ద ఆగి, లోపల ఏయే పుస్తకాలున్నాయని మేము అడిగాము. “పుస్తకాలు ఎవరివి వారే తెచ్చుకోవాలి సార్. నెలకింత అని కడితే ఇక్కడ కుర్చీ, బల్ల ఇస్తారు” అన్నాడు మెట్లు దిగి వస్తున్న యువకుడు.

పుస్తకాలు లేని లైబ్రరీయా అని మొదట నొచ్చుకున్నాము. తరువాత ఆ మాట పుట్టుక గుర్తుకు వచ్చింది. లాటిన్‌లో ‘లిబర్’ అంటే మొదట చెట్టు లోపలి బెరడు, ఆ పిమ్మట పుస్తకం. దాని నుండి వచ్చిన మాటకు ఇంగ్లీషులో గ్రంథాలయమని అర్థం. ఫ్రెంచివారి ‘లిబ్రేరీ’, స్పెయిన్‌వారి ‘లిబ్రెరియా’ మాత్రం పుస్తకాలు అమ్మే దుకాణాలు. గ్రంథాలయానికి వారు గ్రీకు మూలం గల వేరొక మాట వాడతారు.

మన ఇళ్ళలో వినబడే మాటలూ ఇటువంటివే. అరబీలో ‘మక్తబ’ గ్రంథాలయమూ కావచ్చు, పుస్తకాల దుకాణమూ కావచ్చు. ‘మక్తబ్’ అంటే అరబ్బులకు కార్యాలయం; మనకు పిల్లలు అక్షరాలు దిద్దే బడి. గల్ఫ్‌లోని కుమారుడు మక్తబ్‌లో ఉన్నానంటే బడిలో ఉన్నాడని తల్లి అనుకోరాదు! ఇక ఉర్దూలో గ్రంథాలయం కుతుబ్‌ఖానా. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగానే ఆరంభమైంది.

అశోక్ నగర్ ఇప్పుడు లైబ్రరీకి మరొక అర్థం చేర్చింది: ప్రశాంతంగా చదువుకొనే చోటు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో సైతం గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యే యువత సొంత పుస్తకాలు తెచ్చుకొని చదువుతూ కనబడతారు. వారిలో ఎందరికో ఇంట కరవైనది పుస్తకం కాదు, నిశ్శబ్దం.

ఇది మనం ఆలోచించవలసిన విషయం. కుర్చీకి డబ్బు కట్టి కుమారుణ్ణి అక్కడికి పంపుతాము. చీకటి పడ్డాక బయటికి పంపని కుమార్తె మాత్రం టీవీ మోత, వంటింటి పిలుపుల నడుమ అదే పరీక్షకు చదువుకుంటుంది. ఫలితం రాకపోతే శ్రద్ధ లేదని ఆమెనే అంటాము.

ఇంట్లో ఒక మూల, ఒక బల్ల, రెండు గంటలపాటు ఎవరూ ఆమెను పిలవకూడదన్న నియమం. ఇంతమాత్రం చేయగలిగితే, అశోక్ నగర్ అర్థంలో మన ఇంట కూడా ఒక లైబ్రరీ ఉన్నట్లే. ఆ మూల ఏదో ఈ రాత్రి భోజనాల వేళ అందరమూ కలిసి నిర్ణయించుకుందాము.