తీగ కలుపుటకు ముందు లెక్క

పదవ తరగతి విద్యార్థులు నిరోధములను శ్రేణిలోను, సమాంతరముగాను సంధానించు సూత్రములను తడబడక యప్పగింతురు. అయినను ఇంటి కారునకు క్రొత్త స్పీకర్లు బిగించునపుడు ఆ సూత్రములను జ్ఞప్తికి దెచ్చుకొనువారు మిక్కిలి యరుదు. ఇది చదువునకు గొఱతయని మా యభిప్రాయము.

కారు స్పీకరుయొక్క అవరోధము సామాన్యముగా 4 ఓములు. అట్టివి రెండింటిని శ్రేణిలో కలిపినచో 8 ఓములగును. సమాంతరముగా కలిపినచో 2 ఓములే యగును. విలువలు వేఱైనపుడు, సమాంతరమున, రెంటి లబ్ధమును రెంటి మొత్తముచే భాగింపవలయును. 4, 8 ఓముల స్పీకర్లకు ఇట్లు సుమారు 2.67 వచ్చును. 4 ఓముల స్పీకర్లు నాలుగున్నచో, రెండేసి శ్రేణిలో కూర్చి, ఆ జంటలను సమాంతరముగా జేర్చిన మరల 4 ఓములే లభించును.

ఈ లెక్క తప్పిన నేమగును? ఆంప్లిఫయరు 8 వోల్టుల నిచ్చుచున్న దనుకొందము. 4 ఓములగుండ 2 ఆంపియర్లు, 2 ఓములగుండ 4 ఆంపియర్లు ప్రవహించును. 4 ఓములకు తక్కువ తగిలింపరాదని వ్రాసియున్న యంత్రమునకు 2 ఓములు తగిలించినచో అది వేడెక్కి ఆగిపోవచ్చును, మాడిపోవనువచ్చును. తలిదండ్రుల కష్టార్జితము పొగయై పోవును.

ఇది మెకానిక్కు పని, బడికేల యని కొంద ఱనవచ్చును. ఈ నియమమును గనిపెట్టిన జార్జ్ సైమన్ ఓమ్ బడిపంతులే. 1817లో కొలోను నగరపు జెసూటు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడై, అచ్చటి పరికరములతోనే పరిశోధనలు సలిపి, 1827లో తన గ్రంథమును ప్రకటించెను. లండను రాయల్ సొసైటీవారు 1841లో ఆయనకు కోప్లీ పతకము నొసగిరి. బడిలో పుట్టిన విద్య బడికి పరాయిది కానేరదు.

కావున ప్రతి విద్యార్థియు బడి విడుచులోపల ఒక్కమాఱైనను రెండు స్పీకర్లను ఇరువిధములుగ కలిపి, ముందు కాగితముపై లెక్కించి, పిదప మల్టీమీటరుతో చూడవలయునని మా మనవి. మీటరు నిరోధమును మాత్రమే చూపును గాన, అంకె కొంత తగ్గి కనబడును. అవరోధము స్వరస్థాయినిబట్టి మాఱుచుండుననియు, స్పీకరుపై వ్రాసినది వాడుక విలువయే యనియు ఉపాధ్యాయు లపుడు బోధింపవచ్చును.

గోపురము గట్టదలచినవాడు తొలుత వ్యయమును లెక్కించుకొను సువార్తలోని యుపమానమును మన పిల్లలెల్ల రెఱుగుదురు. తీగ పట్టినవానికిని అదియే నీతి.