వెల కట్టిన మాయ

గారడీ సామాను అమ్ముకుని బతికేవాడే మాయల గుట్టు అచ్చువేయించడం చూస్తే, తన కడుపు తానే కొట్టుకున్నట్టుంటుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ విల్‌మన్ (1848–1934) చేసింది ఆ పనే. గడియారాల పనివాడైన ఈయన పళ్ళచక్రాలకు అలవాటుపడిన చేతులతోనే గారడీ పరికరాలు తయారుచేసి అమ్మాడు. 1886లో ‘మోడర్నె వుండర్’ అనే పుస్తకం రాసి, ఆత్మలను పిలుస్తామనేవాళ్ళూ, మనసులోది చదువుతామనేవాళ్ళూ చూపే వింతలకు దైవంతో పనిలేని కారణాలు చెప్పాడు. 1895లో ‘డి త్సౌబర్‌వెల్ట్’ అనే గారడీ పత్రిక మొదలుపెట్టాడు. అంగడి, పుస్తకం, పత్రిక అన్నీ ఒకే చేతి కింద నడిచాయంటే అందులో లాభాపేక్ష లేకపోలేదు. అయినా ఆ వ్యాపారమే ఆయన చేత నిజం చెప్పించిందని మా వాదన. పెట్టెకు వెల కట్టి అమ్మేవాడు దాన్ని మహిమ అనలేడు. కొన్నవాడు మర్నాడు ఇంట్లో మూత తీసి చూస్తాడు కదా!

మహిమకూ మాయకూ మధ్య ఈ గీత మనకు పరాయిది కాదు. దండి కథను పదమూడో శతాబ్దంలో తెలుగు చేసిన కేతన ‘దశకుమారచరిత్రము’లో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు రాజసభలో రాజవాహనుడికీ అవంతిసుందరికీ పెళ్ళి చేస్తాడు. పెళ్ళి నిజంగానే జరిగిపోతుంది, చూసేవాళ్ళు మాత్రం అదీ ఆటలో భాగమేననుకుంటారు. ఇంద్రజాలం అంటే కళ్ళను ఏమార్చే విద్య అని సభకంతా తెలుసు కాబట్టే ఆ ఎత్తు పారింది. విజయనగర కాలపు శాసనాల్లో కనిపించే విప్రవినోదులు అనే బ్రాహ్మణ గారడీవాళ్ళదీ బాహాటమైన వృత్తే. ఊళ్ళ నుంచి తమకు రావలసిన వర్తనలను వాళ్ళు గుళ్ళకు ధారపోసిన దాఖలాలున్నాయి. రాబడి లెక్క ఉన్న విద్య, దానం చేయదగిన హక్కున్న విద్య. అయితే రాతిమీద మిగిలింది వాళ్ళ రాబడే, పనితనం కాదు. విల్‌మన్‌లాగా తన విద్యను తానే పుస్తకానికెక్కించే అవకాశం ఆ కాలపు మన గారడీవాడికి దక్కలేదు.

గుట్టు చెబితే ఆట చస్తుందని కొందరంటారు. విల్‌మన్ అచ్చువేసిన తరువాత కూడా యూరప్‌లో గారడీ ప్రదర్శనలు నిండుగానే నడిచాయి. ఉపాయం తెలిసినంత మాత్రాన చెయ్యి తిరగదు. దెబ్బ తగిలేది అతీతశక్తి అని చెప్పుకునే గుత్తాధిపత్యానికి. గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టర్ ఎచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో మహిమలను పరిశీలించే సంఘం వేశారు. పరీక్షకు నిలబడండని సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. భక్తిని పరీక్షకు పెట్టడం తగదన్నారు అప్పట్లో కొందరు. కానీ నరసింహయ్య అడిగింది భక్తిని కాదు, గాలిలోంచి వచ్చిందన్న వస్తువును. వస్తువును పరీక్షకు పెట్టడంలో తప్పేముంది?

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. సంతలో బుట్ట దించి, ఆట చూపి, చెయ్యి చాపేవాడి గుట్టు కూడా విప్పి రాసేద్దామా? కూడదు. విల్‌మన్ తన సరుకు గుట్టు తాను చెప్పాడు, దాని లాభమూ తానే తీసుకున్నాడు. వీధి గారడీవాడి గుట్టు మరొకరు రాస్తే పేరు వాళ్ళది, నష్టం వాడిది. పైగా వాడెప్పుడూ దేవుణ్ణని చెప్పుకోలేదు. వాడి ఆటను గ్రంథస్థం చేయదలచినవాళ్ళు ముందు వాడి ఒప్పుదల అడగాలి, పుస్తకం మీద వాడి పేరు వేయాలి, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వాలి.